ఫార్మాట్ కొట్టే ముందు

పాత కంప్యూటర్ మొరాయిస్తోందని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు పట్టుకెళ్లినా, జిల్లా కేంద్రంలో బస్టాండు ఎదుటి రిపేరు షాపులో పెట్టినా, సీపీయూ మూత తీయకముందే వినిపించే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్." ఇందులో మోసమేమీ లేదు. విండోస్ మళ్లీ వేయడం గంటా గంటన్నరలో తెమిలే పని. రేటు ఇద్దరికీ తెలుసు. ఇంటికి తెచ్చుకున్నాక మిషను కొన్నాళ్లు చురుగ్గానే ఉంటుంది. అసలెందుకు నెమ్మదించిందో వెతకడం మాత్రం ఎప్పటికి తేలుతుందో తెలియని పని, ఆ వెతుకులాటకు మన మార్కెట్లో కూలి గిట్టదు. అందుకే ఏ ఫిర్యాదుకైనా మందు ఒకటే అయి కూర్చుంది.

2025 అక్టోబరు 14 తర్వాత ఈ ప్రశ్న షాపు దాటి ఇంటింటికీ వచ్చింది. ఆ రోజుతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే చాలా మిషన్లను అది ఒప్పుకోదు. దీనివల్ల ప్రపంచంలో దాదాపు 24 కోట్ల పీసీలు చెత్తకుప్పకు చేరవచ్చని కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023 చివర్లోనే అంచనా కట్టింది. పాత మిషను పెట్టుకుని ఏం చేయాలా అని తలపట్టుకున్నవాళ్లకు ఇప్పుడు నాలుగు రకాల సలహాలు దొరుకుతున్నాయి. ఫార్మాట్ కొట్టి అదే విండోస్ వేయమనేవాళ్లు, నడిచినన్నాళ్లు నడవనీ ముట్టుకోవద్దనేవాళ్లు, లైనక్స్ వేస్తే పోలా అనేవాళ్లు, అమ్మేసి కొత్తది కొనమనేవాళ్లు. నలుగురి మాటలోనూ కొంత నిజముంది. కానీ మిషన్‌ను పరీక్షించకుండా ఎవరి మాట దానికి వర్తిస్తుందో చెప్పలేం. ఈ పనిలో పరీక్షే ముప్పాతిక వంతు, ఇన్‌స్టాల్ పావు వంతు అన్నది నా అభిప్రాయం. అందుకని ఈ వ్యాసంలోనూ చోటు ఆ లెక్కనే పంచుతున్నాను.

పరీక్ష హార్డ్ డిస్కుతో మొదలవ్వాలి. "స్లో అయిపోయింది", "హ్యాంగ్ అవుతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావరకు చివరికి తేలేది అక్కడే. గిరగిర తిరిగే పాతరకం డిస్కు, చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను చదవాల్సి వస్తే సెకనుకు నూటి చిల్లర రీడ్‌లకు మించి చేయలేదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అదే పనిని వేలల్లో, పదివేలల్లో చేస్తుంది. విండోస్ 7 రోజుల్లో ఈ తేడా మనకు అంతగా తగల్లేదు. విండోస్ 10 వచ్చాక అప్‌డేట్లు, ఇండెక్సింగ్, యాంటీవైరస్ స్కాన్ అన్నీ ఒక్కసారే డిస్కు మీద పడడంతో, టాస్క్ మేనేజర్‌లో డిస్కు గడి వంద శాతం దగ్గర అతుక్కుపోవడం మామూలైంది. అలాంటి మిషన్లో అదే డిస్కు మీద విండోస్ మళ్లీ వేస్తే వచ్చే చురుకుదనం కొద్ది వారాల ముచ్చట. ఓఎస్‌ను ముట్టుకోకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టు క్లోన్ చేసి ఎస్‌ఎస్‌డీకి ఎక్కించినా చాలాసార్లు సమస్య తీరిపోతుంది.

డిస్కు నెమ్మదిగా ఉండడం వేరు, చావుకు దగ్గరపడడం వేరు. రెండోదాన్ని పసిగట్టడానికి ప్రతి డిస్కూ స్మార్ట్ అనే సొంత చిట్టా రాసుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాధనం దాన్ని చదివి నీలం, పసుపు, ఎరుపు రంగుల్లో తీర్పు చెబుతుంది. రంగు చూసి ఊరుకోకుండా కొన్ని వరసలు స్వయంగా చదవాలి. 5వ నంబరు, పాడైపోయి పక్కన పెట్టేసిన సెక్టార్ల లెక్క. 197, చదవబోతే మొరాయించి ఇంకా ఏ సంగతీ తేలని సెక్టార్లు. 198, ఎంత ప్రయత్నించినా చదవలేకపోయినవి. ఈ మూడింటి పక్కనా సున్నా ఉండాలి. 199 పెరుగుతూ పోతుంటే మాత్రం అనుమానించాల్సింది సాటా కేబుల్‌ను. కేబుల్ మార్చాక ఆ అంకె తగ్గదు గానీ, పెరగడం ఆగిపోతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఈ నంబర్లు 05, సీ5, సీ6, సీ7 అని కనిపిస్తాయి, వెతుక్కునేటప్పుడు తికమక పడొద్దు.

ఈ చిట్టాను ఎంతవరకు నమ్మాలి? 2007లో గూగుల్‌కు చెందిన పిన్హేరో, వెబర్, బరోసో అనే ముగ్గురు ఇంజినీర్లు తమ సంస్థలో వాడిన లక్షకు పైగా డిస్కుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. మొదటి స్కాన్ ఎర్రర్ కనబడిన డిస్కు, ఆ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం మిగతావాటి కంటే 39 రెట్లు ఎక్కువని వాళ్లకు తేలింది. అదే అధ్యయనంలో, చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన స్మార్ట్ సూచనలేవీ ఇవ్వకుండానే పోయాయి. కాబట్టి చిట్టాలో మచ్చ కనిపిస్తే డిస్కు మార్చేయాల్సిందే. మచ్చ లేకపోయినా బ్యాకప్ తీయాల్సిందే.

మన ఇళ్లలో, ఆఫీసుల్లో పాతుకుపోయిన ధీమా ఒకటుంది. సీ డ్రైవ్ ఫార్మాట్ అయితే ఏం, ఫొటోలూ ఫైళ్లూ డీ డ్రైవ్‌లో ఉన్నాయి కదా అని. ఫార్మాట్ వరకైతే ఆ మాట నిజం. కానీ సీ, డీ రెండూ ఒకే డిస్కు మీద గీసుకున్న వాటాలు. డిస్కు పోతే రెండూ కలిసే పోతాయి. పైగా సీలో ఏమీ లేదనుకోవడమూ పొరపాటే. టాలీప్రైమ్‌ను మార్చకుండా వదిలేస్తే కంపెనీ డేటాను పెట్టుకునేది సీ డ్రైవ్‌లోని పబ్లిక్ ఫోల్డరులో. ఔట్‌లుక్ మెయిళ్ల పీఎస్‌టీ ఫైలు, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు, డెస్క్‌టాప్ మీద పడేసిన సమస్తం అక్కడే. మిషను ఇంటికొచ్చాక "మా లెక్కలేవయ్యా?" అంటూ జరిగే గొడవలకు మూలం చాలాసార్లు ఈ ధీమాయే.

మచ్చలున్న డిస్కు మీద చెక్‌డిస్క్‌ను స్లాష్ ఆర్ తగిలించి నడపమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. డేటా బయటికి తీయకముందైతే నేను వద్దంటాను. అది డిస్కు మొత్తాన్నీ మూల మూలా చదివిస్తుంది. కొడిగట్టిన డిస్కుకు ఆ శ్రమే ఆఖరిది కావచ్చు. గ్నూ డీడీరెస్క్యూ చేసే పద్ధతి తెలివైనది. తేలిగ్గా చదవగలిగినదంతా ముందు ఇంకో డిస్కుకు కాపీ చేసుకుంటుంది, మొరాయించే చోట్లను చివరికి వదులుతుంది, ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైలులో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ అక్కడినుంచే అందుకుంటుంది. అదంతా కమాండ్ లైన్ వ్యవహారం, అలవాటు లేనివాళ్లకు కష్టమే. అలాంటప్పుడు తెలిసినవాళ్లకు అప్పగించే దాకా డిస్కును ఆపి ఉంచడమే దానికి చేయగల మేలు.

డిస్కు తర్వాత చూడాల్సింది మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా మెరిసే సీఆర్2032 బ్యాటరీ, షాపు భాషలో సీమోస్ బ్యాటరీ. చాలా ఏళ్లు వాడిన మిషన్లలో ఇది అయిపోయి ఉంటుంది. కరెంటు తీసి పెట్టగానే గడియారం ఏదో పాత సంవత్సరానికి పోతుంది. తేదీ తప్పితే బ్రౌజరు సైట్ల సర్టిఫికెట్లు చెల్లవంటుంది. బ్యాంకు సైటు తెరుచుకోదు, అప్‌డేట్లు కదలవు, వైరస్ పట్టిందని యజమాని తీర్మానిస్తాడు. ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. బ్యాటరీ చచ్చిన పాత బోర్డుల్లో బయోస్ సెట్టింగులు కూడా ఫ్యాక్టరీ నాటి స్థితికి పోతాయి. విండోస్ వేసిననాడు సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉండి, ఇప్పుడది ఐడీఈకో రెయిడ్‌కో మారిందనుకోండి. బూట్ సగంలో నీలితెర వచ్చి, బూట్ డివైస్ అందడం లేదని ఆగిపోతుంది. చూసేవాళ్లకు విండోస్ చెడిపోయినట్టే ఉంటుంది, ఫార్మాట్ పడుతుంది. నిజానికి కొత్త బ్యాటరీ వేసి ఆ ఒక్క సెట్టింగును వెనక్కి తిప్పితే పాత విండోస్ ఉన్నదున్నట్టు లేచి కూర్చుంటుంది. బ్యాటరీ ఖరీదు పదుల రూపాయల్లోనే.

ర్యామ్ తీసి, కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ గుచ్చడం మన షాపుల్లో పాత విద్య. చూస్తే నవ్వొస్తుంది గానీ, దుమ్మూ తేమా పట్టిన బోర్డుల మీద తరచూ పనిచేస్తుంది. అది చేశాక కూడా నీలితెరలు ఆగకపోతే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఒక రాత్రంతా తిప్పాలి. 2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి అది యూఈఎఫ్‌ఐ మిషన్ల మీద కూడా నడుస్తోంది. అందులో ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ మీద ఏ ఓఎస్ వేసినా దండగే. ఇన్‌స్టాల్ జరుగుతుండగానే ఫైళ్లు తప్పుగా రాసుకుపోతాయి, వారం తిరిగేసరికి మళ్లీ షాపు. ఇక వేడి, దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్టు, నీరసించిన ఎస్‌ఎంపీఎస్ అందరికీ తెలిసిన సంగతులే. 2000ల మొదటి సగంలో తయారైన బోర్డయితే కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో ఒకసారి చూడండి. నాసిరకం ఎలక్ట్రోలైట్ వల్ల ఆ కాలపు బోర్డులు ప్రపంచమంతటా అలాగే పోయాయి. ఉబ్బి ఉంటే ఇక ఓఎస్ గురించిన చర్చే అక్కర్లేదు.

ఇవన్నీ ఒక్కొక్కటిగా చూసే ఓపిక లేనివాళ్లకు దగ్గరి దారి ఒకటుంది. ఏదైనా లైనక్స్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా బూట్ చేసి గంటసేపు వాడడం. అప్పుడు మిషను హార్డ్ డిస్కుతో గానీ, దాని మీది విండోస్‌తో గానీ పని లేకుండా నడుస్తుంది. అందులోనూ హ్యాంగ్ అయితే తప్పు ర్యామ్‌దో, వేడిదో, పవర్‌దో. సాఫీగా నడిస్తే తప్పు డిస్కుదో, విండోస్‌దో. వైఫై, సౌండు, వెబ్‌క్యామ్ లైనక్స్‌కు లొంగుతాయో లేదో కూడా ఆ గంటలోనే తెలిసిపోతుంది. ఫార్మాట్ బటన్ ఉన్న అదే పెన్‌డ్రైవ్‌లో ఇంత మంచి పరీక్ష ఉచితంగా దొరుకుతుంటే వాడేవాళ్లు తక్కువ.

హార్డ్‌వేర్ బాగుందని తేలాక కూడా వెంటనే ఫార్మాట్ అక్కర్లేదు. విండోస్‌లోనే మెట్లున్నాయి. డిస్మ్ రిస్టోర్‌హెల్త్ కమాండ్ విండోస్ దగ్గరున్న అసలు ప్రతిని సరిచేస్తుంది, ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ ఆ ప్రతిని పెట్టుకుని చెడిన సిస్టం ఫైళ్లను మారుస్తుంది. అందుకే డిస్మ్ ముందు, ఎస్‌ఎఫ్‌సీ తర్వాత నడపాలి. చాలామంది తలకిందులుగా చేసి ఫలితం లేదంటారు. అదీ కుదరకపోతే అదే వెర్షన్ ఐఎస్‌ఓ తెరిచి, నడుస్తున్న విండోస్ లోపలినుంచే సెటప్ నడిపి, ఫైళ్లూ ప్రోగ్రాములూ ఉంచమని ఎంచుకోవచ్చు. దీన్ని రిపేర్ ఇన్‌స్టాల్ అంటారు. టాలీ, ప్రింటరు, ఫాంట్లు అన్నీ ఎక్కడివక్కడే ఉండి, కింద విండోస్ మాత్రం కొత్తదవుతుంది. మన దగ్గర ఇది అంతగా ప్రచారం కాకపోవడం ఆశ్చర్యమే. బూట్ కాని మిషను మీద మాత్రం ఇది చెల్లదు.

ఒక్కోసారి తప్పు ఎక్కడా ఉండదు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాయి. వాటిని కప్పే ప్యాచ్‌లు వేస్తే హాస్వెల్, అంతకు ముందు తరం ప్రాసెసర్లున్న 2015 నాటి మిషన్లలో నెమ్మదించడం విండోస్ 10లో కొందరికి, విండోస్ 7, 8లలో చాలామందికి తెలుస్తుందని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. "అప్‌డేట్ చేశాక స్లో అయింది" అనే పాత ఫిర్యాదుల్లో కొన్నింటికైనా మూలం ఇదే. భద్రతకు కట్టిన మూల్యం అది, ఫార్మాట్‌తో తిరిగిరాదు.

ఇక ఏది వేయాలన్న ప్రశ్న. ముట్టుకోవద్దనే పక్షాన్ని మొదట తీసుకుంటాను, ఎందుకంటే తెలుగునాట దానికొక గట్టి కారణముంది. విజయవాడ, హైదరాబాద్‌లలోనే కాదు, మండల కేంద్రాల్లోని డీటీపీ సెంటర్లలో కూడా ఇప్పటికీ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లతో పనిచేసే పాత సిస్టంలు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ వరసలో అదే చివరిది. అను ఫాంట్లు యూనికోడ్‌కు ముందు పద్ధతివి. ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీద తెలుగు ముక్కలు కూర్చినవి. ఇరవయ్యేళ్ల శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాల ఫైళ్లన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి. ఆ యజమానికి ఎక్స్‌పీ మీద మమకారం పిచ్చి కాదు, అది అతని బీరువా తాళం. మిషన్ మార్చమని చెప్పేముందు ఆ ఫైళ్లు ఎక్కడ తెరుచుకుంటాయో చెప్పగలగాలి.

అయితే ఎక్స్‌పీ భద్రతా మద్దతు 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7ది 2020 జనవరి 14తో ముగిశాయి. అలాంటి మిషను నెట్‌కు తగిలించి ఉంటే ఏమవుతుందో 2017 మే 12న వాన్నక్రై చూపించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ దాడిని ఎప్పుడు గుర్తుచేసుకున్నా ఎక్స్‌పీనే తిడతారు. నిజానికి దెబ్బతిన్న వాటిలో అత్యధికం విండోస్ 7 మిషన్లు. విండోస్ 7కు అప్పటికింకా మద్దతుంది, ఆ రంధ్రాన్ని పూడ్చే ప్యాచ్ రెండు నెలల ముందే మార్చిలో వచ్చింది. వేసుకోలేదు, అంతే. కొత్త ఓఎస్ ఉంటే చాలు అనుకునేవాళ్లు ఈ వివరం గమనించాలి. డీటీపీ మిషన్ల విషయంలో నా సలహా సూటిగా ఇది: ఎక్స్‌పీని ఉంచుకోండి, నెట్ కేబుల్ పీకేయండి. వీలైతే దాన్ని ఇంకో మిషన్లో వర్చువల్‌బాక్స్‌లో నెట్ లేకుండా నడపండి. ఎలాగూ ఆ ఎక్స్‌పీలో నెట్ పెద్దగా మిగల్లేదు. క్రోమ్ ఎక్స్‌పీకి 49వ వెర్షన్‌తో, విండోస్ 7కు 109తో ఆగిపోయింది.

విండోస్ 10లోనే ఉండిపోవాలనుకునేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన గడువు ఒకటుంది. ఈఎస్‌యూ పేరుతో ఇళ్లలోని మిషన్లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగినై సెట్టింగులు క్లౌడ్‌కు బ్యాకప్ చేస్తే ఉచితం, లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు గానీ 30 డాలర్లకు సమానమైన సొమ్ము గానీ. బాగా నడుస్తున్న విండోస్ 10 మిషనుకు ఇది తీసుకోకుండా హడావుడిగా ఫార్మాట్ కొట్టించడం అనవసరం. షాపుల్లో కొందరు ఎల్‌టీఎస్‌సీ అనే విండోస్ రకం వేస్తామంటారు, దానికి గడువు ఎక్కువన్న మాట నిజమే. కానీ ఆ లైసెన్సు సంస్థల కోసం ఇచ్చేది. ఇంటి మిషనులో వేశారంటే యాక్టివేషన్ ఎలా చేశారని అడగండి.

విండోస్ 11 గడప ఎత్తు అందరికీ తెలిసిందే: టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి. టీపీఎం లేదని చూపిస్తే వెంటనే ఆశ వదలొద్దు. చాలా బోర్డుల్లో అది బయోస్‌లో పీటీటీ అనే పేరుతో ఆపేసి ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. ప్రాసెసరే పాతదైతే రూఫస్ సాధనంతో ఆ తనిఖీలు దాటించి వేయొచ్చు, వేస్తున్నారు కూడా. పాత మిషన్ల మీద జరిపిన ప్రయోగాల్లో కెర్నల్ క్రాష్‌లు 52 శాతం ఎక్కువగా వచ్చాయని 2021లో మైక్రోసాఫ్ట్ తన గడపను సమర్థించుకుంది. ఆ అంకెను ఎంత నమ్మాలో ఎవరిష్టం వారిది. నా అభ్యంతరం వేరే. అలా వేసిన మిషనుకు ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్ తనంతట తాను రాదు, ప్రతిసారీ చేత్తో వేయాలి. పైగా 24హెచ్2 వెర్షన్ నుంచి పాప్‌కౌంట్ అనే ఆదేశం తెలియని కోర్ 2 డుయో లాంటి ప్రాసెసర్ల మీద అది అసలు లేవదు. సొంత మిషన్ మీద సరదాకు సరే. నాన్నగారి పెన్షన్ చూసుకునే కంప్యూటర్లో ఈ దొడ్డిదారి పెట్టి వేరే ఊరు వెళ్లిపోవడం మాత్రం నాకు సమ్మతం కాదు.

లైనక్స్ పక్షం వాదన ఇప్పుడున్నంత బలంగా ఎన్నడూ లేదు. ఉబుంటు 24.04 మీద కట్టిన లైనక్స్ మింట్ 22కి 2029 దాకా మద్దతుంది. 2 జీబీ ర్యామ్‌తో లేస్తుంది, 4 ఉంటే హాయి. తెలుగు సంగతీ బాగుపడింది. ఎక్స్‌పీలో తెలుగు కనబడాలంటే సీడీ పెట్టి వేరే ఫైళ్లు ఎక్కించాల్సి వచ్చేది. ఇప్పుడు డెబియన్‌లో పోతన, వేమన ఖతులు ఒక ప్యాకేజీగా దొరుకుతాయి. ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ సాధనాల జంటలో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆర్‌టీఎస్, పోతన, యాపిల్ కీబోర్డులు కూడా ఉన్నాయి. అంటే యాపిల్ లేఅవుట్ వేళ్లకు పట్టేసిన డీటీపీ ఆపరేటరు అదే వేగంతో యూనికోడ్‌లో కొట్టొచ్చు. తెలుగులో ఓఎస్ తేవాలని స్వేచ్ఛ సంస్థ హైదరాబాద్‌లో చేసిన కృషిని, సీ-డాక్ 2007లో తెచ్చిన బాస్ లైనక్స్‌ను ఇక్కడ తలుచుకోవాలి. ఇవాళ పాత మిషను మీద వేయడానికైతే నేను మింటో డెబియనో అనే చెబుతాను.

కానీ లైనక్స్ మిత్రులు దాటేసే విషయాలున్నాయి. ఆధార్ వేలిముద్ర యంత్రాల ఆర్‌డీ సర్వీసులు ఎక్కువగా విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ తయారైనవి. డిజిటల్ సంతకం టోకెన్ల సంగతీ కొంచెం అటూ ఇటుగా అంతే. మన జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటరు క్యాప్ట్ అనే సొంత భాష మాట్లాడుతుంది, దాన్ని కొత్త లైనక్స్‌లో నడపాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. టాలీ విండోస్‌ది. కాబట్టి మీసేవ సెంటరుకో, అకౌంటెంటుకో లైనక్స్ అంటగట్టడం వాళ్ల పని చెడగొట్టడమే. యూట్యూబు, జీమెయిలు, పిల్లల చదువు, ఉత్తరాలు రాసుకోవడం ఇంతవరకే అయితే నిరభ్యంతరంగా వేయొచ్చు. అదే పనులకు గూగుల్ 2022లో విడుదల చేసిన క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఉంది. 4 జీబీ ర్యామ్ చాలు. అయితే అందులో ప్లే స్టోర్ ఉండదు, క్రోమ్‌బుక్ అనుకుని వేసుకున్నవాళ్లు నిరాశపడుతున్నారు.

32 బిట్ మిషన్లకు దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. ఉబుంటు 2017లో ఆపేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు 32 బిట్ పీసీ ఇన్‌స్టాలరే లేదు. డెబియన్ 12 మీద 2028 దాకా లాగొచ్చు. అయితే సిస్టం పేజీలో 32 బిట్ అని కనబడగానే ప్రాసెసర్‌ను తప్పుపట్టకండి. 2006 నుంచి వచ్చిన కోర్ 2 డుయోలన్నీ 64 బిట్‌వే. ర్యామ్ తక్కువని వాటి మీద 32 బిట్ విండోస్ వేసి వదిలేశారు. అదే పేజీలో ఎక్స్64 ప్రాసెసర్ అని రాసి ఉంటే దారి తెరిచి ఉన్నట్టే. నిజంగానే 32 బిట్ పెంటియం 4 అయితే కొత్తది కొనమనే పక్షానికి నేనూ ఓటేస్తాను. ప్రెస్కాట్ తరం పెంటియం 4 ప్రాసెసర్ ఒక్కటే 84 నుంచి 115 వాట్ల కోసం రూపొందింది. కరెంటు బిల్లులోనే దాని తీర్పు ఉంది. కొత్తది అంటే పెట్టె విప్పని కొత్తదే కానక్కర్లేదు. కంపెనీలు వదిలేసిన 8వ తరం డెస్క్‌టాప్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి, విండోస్ 11 వాటిని మారుమాట లేకుండా ఒప్పుకుంటుంది. 2022లో ప్రపంచం పారేసిన ఈ-వ్యర్థం 6.2 కోట్ల టన్నులు. అందులో లెక్కప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే అని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. మిషన్ మంచిదైతే దాన్ని ఇంకొకరికి చేర్చడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

ఇన్‌స్టాల్ దగ్గరకొచ్చాం, ఇక్కడ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తెర మీద అడిగిన వాటికి జవాబిస్తూ పోవడమే. జాగ్రత్తలన్నీ మొదటి క్లిక్‌కు ముందే. ఐఎస్‌ఓను తయారీదారు సైటు నుంచే దించుకుని ఎస్‌హెచ్‌ఏ256 సరిచూడాలి. అది కూడా చాలని సందర్భాలు అప్పుడప్పుడు వస్తాయి. 2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ సైటులోకే దొంగలు చొరబడి, 17.3 సినమన్ డౌన్‌లోడు లింకును దొడ్డితలుపు పెట్టిన నకిలీ ఐఎస్‌ఓ వైపు తిప్పేశారు. సైటులో రాసిన చెక్‌సమ్‌తో పాటు దాని మీది జీపీజీ సంతకం కూడా చూడమనేది అందుకే. ఇక షాపు పెన్‌డ్రైవ్‌లో ఎన్నేళ్లుగానో తిరుగుతున్న క్రాక్ విండోస్ సంగతి వేరే చెప్పాలా? యాక్టివేటర్ పనిచేయాలంటే ముందు డిఫెండర్‌ను ఆపాలంటారు. ఆపిన దాన్ని మళ్లీ ఆన్ చేసేవాళ్లు అరుదు. విండోస్ 8 నుంచి బ్రాండెడ్ మిషన్ల లైసెన్సు కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, అదే ఎడిషన్ వేస్తే అడగకుండానే యాక్టివేట్ అవుతుంది. అంటే చాలామంది తమ దగ్గరున్న అసలు లైసెన్సు మీద క్రాక్ వేయించుకుంటున్నారన్నమాట. విండోస్ 7 స్టిక్కరు మీది కీతో మాత్రం 2023 సెప్టెంబరు నుంచి కొత్త యాక్టివేషన్లు ఆగిపోయాయి.

మిషను పాతకాలపు బయోస్‌దైతే ఎంబీఆర్, యూఈఎఫ్‌ఐ అయితే జీపీటీ. రూఫస్‌లో ఈ ఒక్క ఎంపిక తప్పితే పెన్‌డ్రైవ్ బూట్ కాదు, అరగంట పోతుంది. ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో బయోస్ ముట్టకముందే చూడాలి. తెలియకుండానే ఆన్ అయి ఉన్న మిషన్లు చాలా ఉన్నాయి. 48 అంకెల రికవరీ కీ చేతిలో లేకుండా టీపీఎం కదిపితే ఆ డిస్కులోని డేటా ఉన్నా లేనట్టే. సెక్యూర్ బూట్ కోసం 2011లో ఇచ్చిన సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరుతుంది. ఆ రోజున మిషన్లేమీ ఆగిపోవు గానీ, బూట్ భాగానికి కొత్త భద్రతా సవరణలు అందాలంటే కొత్త సర్టిఫికెట్లు ఎక్కాలి. అప్‌డేట్లు ఆపేసి పెట్టుకున్న మిషన్లకు అవి రావు.

డేటా తీసుకున్నాం కదా అని పాత డిస్కును వెంటనే తుడిచేయకండి. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద ఓఎస్ వేయించుకుంటే పాతదాన్ని యూఎస్‌బీ కేసింగ్‌లో వేసి ఒకటి రెండు నెలలు బీరువాలో పెట్టుకోవచ్చు. టాలీ పాత కంపెనీ ఫోల్డరు, ప్రింటరు కోసం ఎప్పుడో దాచిన డ్రైవరు, డీటీపీ వాళ్లకు అను ఫాంట్ల ఫోల్డరు, ఇవి గుర్తొచ్చేది ఇన్‌స్టాల్ రోజున కాదు, మార్చి నెలాఖరున ఆడిటరు ఫోన్ చేసినప్పుడు.